నీడను ఆపిన పిల్లను ఆపకండి



పోయిన ఆదివారం టోలీచౌకీలో మా ఆపా ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ పరిచారు, బిర్యానీ దేగ్చీ మూత ఇంకా తియ్యలేదు. మా భాంజీ లోపలినుంచి ఒక అట్టపెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "మామూ, జరా దేఖో నా" అంది. తీసి చూస్తే ఒకటే ఫోటో. బ్లాక్ అండ్ వైట్. నోటుబుక్కు కంటే కాస్త పెద్ద కాగితం మీద ఒక బండరాయి. దాని మీద ఇంకో బండ, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోయేలా నిలబడి ఉంది. పొద్దుటి ఎండ ఒక పక్కనుంచి పడుతోంది. రెండో పక్క నీడ సాగి సాగి కాగితం అంచు దాకా వచ్చింది. అంతే. మనిషి లేడు, మేక లేదు, కాకి కూడా లేదు.

నేనింకా చూస్తూనే ఉన్నాను, దూల్హాభాయ్ అందుకున్నారు. "ఇంటర్ అయిపోయింది కదా, ఇక ఫోటోగ్రఫీలో బీఎఫ్ఏ చేస్తుందట. మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది చూడండి, అక్కడ. మీరైనా చెప్పండి మియా. తస్వీర్ కా కామ్ హై, హరామ్ హై. బస్."

సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ టింగుమంది. ఎవరిదో వలీమా వీడియో. ఆయన ఫోన్‌లో పదకొండు వేల ఫోటోలున్నాయి. నేను లెక్కపెట్టలేదు, స్టోరేజ్ నిండిపోయింది కాస్త ఖాళీ చేసిపెట్టమని నాకిచ్చినప్పుడు ఫోనే చెప్పింది. ఆ పదకొండు వేలలో ఆయన మళ్ళీ తెరిచి చూసినవి యాభై ఉండవు. మా భాంజీ ఈ ఒక్క రాయి కోసం మూడుసార్లు గుట్టకి వెళ్ళింది.

ఆ రోజు నేను బిర్యానీ తిని వచ్చేశాను, ఎక్కువ మాట్లాడలేదు. ఆపా ఇంట్లో కూర్చుని దూల్హాభాయ్‌తో బహస్ పెట్టుకునే అలవాటు నాకు లేదు. కానీ ఇది మా ఒక్కింటి సంగతి కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మసలా సంగతి. నేను ఆలిమ్‌ని కాను. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, అఖ్బార్‌లో పని చేసుకుంటున్నవాణ్ణి. కాబట్టి ఫత్వా ఇవ్వను. ఉలమా ఏం చెప్పారో తెలిసినంత మేరకు చెబుతాను, మిగతాది మీ మొహల్లాలో నమ్మకమున్న మౌలానాను అడగండి. జాన్‌దార్ తస్వీర్, అంటే ప్రాణమున్న వాటి బొమ్మ గురించి ఇఖ్తిలాఫ్ ఉంది. ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ లాంటి దేవ్‌బందీ పెద్దలు ఫోటోను కూడా చేత్తో గీసిన బొమ్మతో సమానంగానే చూసి వద్దన్నారు. ఈజిప్టులో ముఫ్తీగా ఉన్న షేక్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ వేరే మాటన్నారు. ఫోటో తీసేవాడు కొత్తగా దేన్నీ సృష్టించడం లేదు, ఉన్న నీడను పట్టి ఉంచుతున్నాడు, అంతేనని. అరబ్బీలో దానికి హబ్స్ అల్ జిల్ అన్నారు. నీడను ఖైదు చెయ్యడం. ఇంకొందరు ఉలమా, స్క్రీన్ మీద ఉన్నంతవరకూ అక్స్, కాగితం మీదికి ఎక్కితేనే తస్వీర్ అంటారు. మా దూల్హాభాయ్ పట్టుకున్న కొస అదే. ఫోన్‌లో పదకొండు వేలు పర్వాలేదు, కాగితం మీద ఒక్కటి కుదరదు. ఆయన్ని నేను వెక్కిరించడం లేదు, ఆ మాటకూ కితాబుల్లో జాగా ఉంది.

అయితే ఈ తగవంతా జాన్‌దార్ గురించి. చెట్టు, రాయి, నీళ్ళు, ఆకాశం విషయంలో దాదాపు ఎవరికీ పేచీ లేదు. సహీ బుఖారీలో ఉన్న రివాయత్ మనలో చాలామంది విన్నదే. బొమ్మలు చేసి బతికే ఒకాయన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ రజియల్లాహు అన్హు దగ్గరికి వస్తే, ముందు హెచ్చరించారు, ఆ మనిషి మొహం మాడిపోవడం చూసి, చెయ్యక తప్పకపోతే చెట్టునూ రూహ్ లేని వాటినీ చేసుకోమన్నారు. అంటే వద్దన్నచోటే దారి కూడా చూపించారు. మా భాంజీ తీసిన రాతికి కళ్ళు లేవు, ముక్కు లేదు. అత్యంత సఖ్త్ ఇంట్లో కూడా గోడకి తగిలించుకోదగ్గ తస్వీర్ ప్రపంచంలో ఏదన్నా ఉంటే అది ఇలాంటిదే.

మరి వెయ్యేళ్ళుగా తెరిచే ఉన్న ఈ దర్వాజాలోంచి మనం ఎందుకు నడవలేదు? ఇక్కడ వాట్సాప్‌లో తిరిగే ఒక మాట గురించి చెప్పాలి. "కెమెరా అనే మాట అరబ్బీ ఖమరా నుంచి వచ్చింది, కెమెరా కనిపెట్టింది ముసల్మాన్" అని నెలకోసారి ఎవరో ఒకరు నాకు పంపుతారు. గర్వపడాలని ఉంటే నిజానికే గర్వపడదాం. కెమెరా లాటిన్ మాట, గది అని అర్థం. మన ఉర్దూలో 'కమ్రా' కూడా ఆ వంశమే, పోర్చుగీసు వాళ్ళ నోటివెంట మనదాకా వచ్చింది. ఇక నిజమేమిటంటే, బస్రాలో పుట్టి కైరోలో బతికిన ఇబ్నె హైసమ్ చీకటి గదికి చిన్న సూరాఖ్ పెట్టి, వెలుగు అందులోంచి ఎలా వస్తుందో శ్రద్ధగా పరీక్షించాడు. గ్రహణం పట్టిన సూర్యుడు ఆ చిల్లులోంచి గోడ మీద నెలవంక ఆకారంలో పడడం గురించి ప్రత్యేకంగా ఒక రిసాలా రాశాడు. ఇదంతా వెయ్యేళ్ళ కిందట. కెమెరా అనే పెట్టె ఆయన చెయ్యలేదు, ఫిల్మ్ అసలే లేదు. వెలుగుని ఓపిగ్గా చూడడం మాత్రం చేశాడు. ఆ తర్వాత 1861లో సాదిఖ్ బే అనే ఈజిప్టు ఫౌజీ అధికారి మదీనా మునవ్వరాను ఫోటో తీశాడు. 1880లో మక్కాను తీశాడు. ఈరోజు మన ఇళ్ళల్లో క్యాలెండర్ మీద హరమ్ షరీఫ్ చూసి కళ్ళకద్దుకునేవాళ్ళం ఆయన రుణంలో కొంచెం ఉన్నాం.

ఇక ఈ పిల్ల చేస్తున్న పని గురించి. కోఠీలో ఒక పాత సామాన్ల దుకాణంలో సెకండ్‌హ్యాండ్ ఫిల్మ్ కెమెరా కొనుక్కుంది, రెండు ఈదుల ఈదీ కలిపి. ఒక రోల్‌కి 36 ఫోటోలు. ఒకప్పుడు ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ అనే సర్కారీ కార్ఖానా 'ఇందు' పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ చేసేది, నా చిన్నప్పుడు స్టూడియోల్లో ఆ డబ్బాలు చూశాను. ఇందు అంటే చంద్రుడు, మంచి పేరు. ఆ కార్ఖానా ఇప్పుడు లేదు. రోళ్ళు విలాయత్ నుంచో అమెరికా నుంచో రావాల్సిందే, ఖరీదెక్కువ. అందుకని నొక్కేముందు పదిసార్లు ఆలోచిస్తుంది.

ఆ ఆలోచించడమే ఈ హునర్‌లో సగం. ఫిల్మ్ మీద వెండి లవణాల పొర ఉంటుంది, జిలెటిన్‌లో కలిపి పూసింది. (జిలెటిన్ హలాలేనా అని మా ఇంకో తమ్ముడు అడిగాడు. తినడం లేదు కదా బాబూ.) షట్టర్ తెరుచుకున్న ఆ లిప్తలో వెలుగు తగిలిన చోట ఆ లవణంలో చిన్న మార్పు వస్తుంది. కంటికి కనపడదు. ఆ క్షణాన ఫిల్మ్ బయటికి తీసి చూస్తే ఏమీ ఉండదు, పైగా పాడైపోతుంది. చీకట్లో డెవలపర్‌లో ముంచితే వెలుగు తగిలిన చోట లవణం విడిపోయి నల్లటి వెండి మిగులుతుంది. తగలని చోట మిగిలిన లవణాన్ని హైపో కడిగేస్తుంది. అంటే ఎండ పడిన చోటు నల్లగా, నీడ తెల్లగా, అంతా ఉల్టా. దాన్ని మళ్ళీ కాగితం మీదికి ఉల్టా చేస్తే మనం చూసే ఫోటో. కాగితం మీద ఆ నలుపు సిరా కాదు, రంగు కాదు, వెండి.

డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలట. హైదరాబాద్‌లో మే నెలలో కుళాయి తిప్పితే చాయ్‌కి సరిపడా వేడినీళ్ళు వస్తాయి. అందుకని ఫ్రిజ్‌లో ఐసంతా ఈ పిల్ల ఎత్తుకుపోతుంది. మా అమ్మీ మొదట్లో షర్బత్ చేస్తోందేమో అనుకుని గ్లాసు పట్టుకుని కూర్చుందట. గుసల్‌ఖానా కిటికీకి నల్లగుడ్డ కట్టి లోపల గడియ పెట్టుకుంటే మగ్రిబ్ అజాన్ వేళ దూల్హాభాయ్ వజూకి బయట నిలబడాల్సి వచ్చింది ఒకసారి. నాకు అనుమానం, హరామ్ అనే మాట ఆ రోజే పుట్టింది.

రంగులున్న కాలంలో నలుపు తెలుపు ఎందుకని ఆపా నన్నడిగింది. రంగు ఉంటే మనం పేర్లు చూస్తాం. ఎర్రగులాబీ, పచ్చచేను, నీలాకాశం. పేరు గుర్తుపట్టగానే కన్ను ముందుకెళ్ళిపోతుంది. రంగు తీసేస్తే వెలుగెంత, నీడెంత అన్నదే మిగులుతుంది. రాయి గరుకుదనం, నీటి నునుపు, ఎండ ఏ వైపు నుంచి వస్తోంది, పొద్దెంత ఎక్కింది అన్నవి కనిపిస్తాయి. కాబట్టి నలుపు తెలుపు ఫోటో అన్నిటికన్నా ముందు చెప్పేది టైమ్.

దీనికి ఒక ఖిస్సా ఉంది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అని కొండలనీ చెట్లనీ జీవితమంతా నలుపు తెలుపులో తీసిన ఉస్తాద్ ఉండేవాడు. 1941లో ఒక సాయంత్రం న్యూ మెక్సికోలో కారులో వెళుతుంటే హెర్నాండెజ్ అనే చిన్న పల్లె కనపడింది. వెనక మంచుకొండలు, పైన అప్పుడే లేచిన చంద్రుడు, కింద ఖబరస్తాన్‌లో తెల్లటి శిలువల మీద ఆఖరి ఎండ. బండి ఆపి, పెద్ద కెమెరా దించి, స్టాండు మీద ఎక్కించేసరికి వెలుగు కొలిచే మీటర్ దొరకలేదు. ఎండ పోతోంది. చంద్రుడి వెలుగు ఎంతుంటుందో ఆయనకు లెక్క కంఠస్థం. దాన్నిబట్టి మనసులో లెక్కకట్టి ఒక్క సెకను షట్టర్ తెరిచాడు. రెండోది తీద్దామని ప్లేటు మార్చేలోపు శిలువల మీద ఎండ పోయింది. ఉన్నది ఆ ఒక్కటే. దాన్నుంచి జీవితమంతా వెయ్యికి పైగా ప్రింట్లు తీశాడు, ఏళ్ళు గడిచేకొద్దీ ఆకాశాన్ని ఇంకా ఇంకా నలుపు చేస్తూ.

మనకు కావలసింది తర్వాతి భాగం. ఆడమ్స్‌కు తారీఖులు రాసుకునే అలవాటు లేదు. ఒకసారి 1940 అంటాడు, ఇంకోసారి 1944 అంటాడు. చివరికి ఖగోళం తెలిసిన వాళ్ళు ఫోటోలో చంద్రుడు ఏ కొండకి ఎంత పైన ఉన్నాడో కొలిచి తారీఖు తేల్చబోయారు. ఒకాయన అక్టోబర్ 31 అన్నాడు. పదేళ్ళ తర్వాత ఇంకొకాయన, కాదు, కెమెరా పెట్టిన చోటు మీరు సరిగ్గా పట్టుకోలేదు, అది నవంబర్ 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాల 20 సెకన్లు అన్నాడు. అదే ఇప్పుడు నిలిచింది. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. చంద్రుణ్ణి చూసి ఒక్కరోజు తేడాతో కొట్టుకోవడం మన ఈద్ కమిటీలకే సొంతమనుకున్నాను ఇన్నాళ్ళూ. హిజ్రీ లెక్క వేస్తే ఆ సాయంత్రం 1360 షవ్వాల్, ఈద్ అయ్యి పదిరోజులు దాటింది.

జపాన్‌లో పుట్టిన హిరోషి సుగిమోటో సముద్రాలను తీస్తాడు. 1980 నుంచి ఎన్నో దేశాల ఒడ్డున నిలబడి ఒకే రకంగా తీశాడు. సగం నీళ్ళు, సగం ఆకాశం, మధ్యలో గీత. ఓడ లేదు, పడవ లేదు, పక్షి లేదు. మొట్టమొదటి మనిషి చూసిన దృశ్యాన్ని ఈరోజు మనం చూడగలమా అన్నది ఆయన సవాల్. ఆదమ్ అలైహిస్సలామ్ ఔలాద్‌మని చెప్పుకునే మనకు ఈ సవాల్ కొత్తగా అనిపించకూడదు. ఆయనే పాత సినిమాహాళ్ళలో సినిమా మొదలవగానే షట్టర్ తెరిచి, అయిపోయాక మూశాడు. రెండుగంటల సినిమా అంతా ఒకే ఫోటోలో. ఏం మిగిలింది? తెల్లగా వెలిగే తెర. హీరో, హీరోయిన్, పాటలు, ఫైట్లు, అందరూ ఆ తెలుపులో కలిసిపోయారు. ఇరాన్ సినిమాలు చూసేవాళ్ళకు అబ్బాస్ కియారోస్తమీ తెలుసు. ఆయన కూడా ఏళ్ళతరబడి మంచులో చెట్లను నలుపు తెలుపులో తీశాడు, మోడులూ వాటి నీడలూ. ఇరాన్‌లో ఇంక్విలాబ్ వచ్చిన రోజుల్లోనే కెమెరా భుజానేసుకుని ఊరి బయటికి నడిచాడాయన.

ఇదంతా దూరపువాళ్ళ సంగతి అనుకోకండి. నీడను చూసి టైమ్ చదవడం మన ఇంటి విద్య. మా ఉర్దూ మీడియం స్కూల్లో దీనియాత్ చెప్పే మౌలీసాబ్ ఒకరోజు మమ్మల్నందరినీ మైదానంలోకి తీసుకెళ్ళి ఒక కర్ర పాతారు. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు మిగిలే కాస్త నీడ సాయా-ఎ-అస్లీ. దాన్ని వదిలేసి కర్ర నీడ కర్రంత అయితే షాఫయీ మజ్‌హబ్‌లో అసర్. రెండింతలైతే మన హనఫీ అసర్. సుద్దముక్కతో గీతలు గీయించారు. గంటకోసారి పరిగెత్తుకెళ్ళి నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసేవాళ్ళం. నీడ కదులుతుందని తెలియడం వేరు, కదలడం చూడడం వేరు. సూరె ఫుర్ఖాన్‌లో అల్లాహ్ నీడను ఎలా పరుస్తాడో చూడలేదా అనీ, కోరితే దాన్ని కదలకుండా నిలిపేసేవాడనీ ఉన్న ఆయత్ నాకు ఆ మైదానంలో అర్థమైంది, తర్జుమా చదివినప్పుడు కాదు.

ఇప్పుడు మన పిల్లలకు అసర్ అంటే ఫోన్‌లో మోగే యాప్. నీడతో పని లేదు. మా భాంజీ గుట్ట మీద చేసేది ఆ మౌలీసాబ్ చేయించిన పనే. ఇష్‌రాఖ్ వేళకి రాయి మీద ఎండ ఎక్కడుంటుంది, చాష్త్ నాటికి నీడ ఎంత కురచవుతుంది, ఏ నెలలో సూర్యుడు ఏ బండ పక్కనుంచి లేస్తాడు అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంది, ఉర్దూలో. తెలుగు మీడియం పిల్ల, ఉర్దూ వాళ్ళ నానీ దగ్గర నేర్చుకుంది. ఆ నోటుబుక్కు చూసి నాకు కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆదివారం తర్వాత దూల్హాభాయ్‌కి ఫోన్ చేసి ఇబ్నె అబ్బాస్ రివాయత్ గుర్తు చేశాను. విన్నారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది సరే మియా, కానీ ఫజర్ చదివి, ఇంకా వెలుతురు కూడా రాకముందు ఆడపిల్ల గుట్ట ఎక్కడమేంటి? లోగ్ క్యా కహేంగే?" అన్నారు. అదీ మసలా. తస్వీర్ కాదు. తస్వీర్‌ని ముందు నిలబెట్టి దాని వెనక భయాన్ని దాచారు. నాకు ఆయన మీద కోపం రాలేదు, ఆ భయం నాకూ ఉంది. పేపర్లో పనిచేసేవాణ్ణి, రోజూ ఎలాంటి ఖబర్లు నా బల్ల మీదికి వస్తాయో నాకు తెలుసు. కానీ భయాన్ని భయమని చెబితే దానికి తద్‌బీర్ ఆలోచించవచ్చు. తోడు వెళ్ళొచ్చు, స్నేహితురాళ్ళని జతచెయ్యొచ్చు, బండి మీద దించి రావొచ్చు. భయానికి హరామ్ అని పేరు పెట్టేస్తే ఇక మాట్లాడడానికి ఏమీ ఉండదు. పిల్ల నోరు మూసుకుంటుంది. ఒకటి రెండేళ్ళకి దీన్ అంటేనే తన ఇష్టాలన్నిటినీ వద్దనేది అనుకోవడం మొదలుపెడుతుంది. మన ఇళ్ళల్లో ఇది జరగడం నేను చూశాను, మీరూ చూసే ఉంటారు. ఆ నష్టం ముందు ఒక డిగ్రీ ఎంత.

అందుకని మొన్న శనివారం ఫజర్ తర్వాత నేనే తీసుకెళ్ళాను. ఖాజాగూడ గుట్టలు మీలో చాలామందికి తెలుసు. పాతవాళ్ళు ఫఖ్రుద్దీన్ గుట్ట అంటారు, పైన బాబా ఫఖ్రుద్దీన్ ఔలియా మజార్ ఉంది. నేను దర్గాకని చిన్నప్పుడు ఎక్కాను, రాళ్ళని చూడడానికి ఎప్పుడూ ఎక్కలేదు. దక్కన్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఆ బండల్ని ఎవరో తెచ్చి ఒకదానిమీద ఒకటి పేర్చలేదు. ఎండకీ వానకీ పగుళ్ళలో మట్టి కొట్టుకుపోయి, గట్టి భాగం అలా నిలిచిపోయింది. భాంజీ స్టాండు వేసి, కెమెరా బిగించి, కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఇరవై నిమిషాలు ఏమీ జరగలేదు. నేను రెండుసార్లు ఫోన్ తీశాను, సిగ్గేసి లోపల పెట్టాను. తర్వాత బండ నెత్తిన ఒక గీతలాగా ఎండ పడింది. కిందికి దిగడం మొదలుపెట్టింది. అది దిగుతుండడం నేను చూశాను, మౌలీసాబ్ కర్ర తర్వాత మళ్ళీ ఇన్నేళ్ళకి. పిల్ల కదల్లేదు. ఇంకా దిగనిచ్చింది. అప్పుడు ఒక్కసారి నొక్కింది. ఇంకోటి తియ్యవా అంటే, "బస్ మామూ, హో గయా" అంది.

తిరిగొచ్చేటప్పుడు మణికొండ దాటాక ఒకచోట బండి ఆపమంది. మొదటి రోల్‌లో తను తీసిన రాయి అక్కడ ఉండాలట. జంట బండలు, మధ్యలో సీతాఫలం చెట్టు. నెగటివ్ నాకు చూపించింది కూడా. అక్కడ ఇప్పుడు నీలం రంగు రేకుల ప్రహరీ, లోపల మిషన్ల చప్పుడు, గేటు ముందు కంకర కుప్ప. హైదరాబాద్ రాళ్ళను కాపాడాలని 1996లో కొందరు సొసైటీ పెట్టుకుని ఇప్పటికీ తిరుగుతున్నారు. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న మష్రూమ్ రాక్ లాంటి కొన్ని రాళ్ళు హెరిటేజ్ జాబితాలోకి ఎక్కాయి. జాబితాలో లేనివి ఇలా కంకరవుతున్నాయి. 250 కోట్ల ఏళ్ళు నిలబడ్డది ఒక వేసవిలో పోయింది. దానికి ఇప్పుడు మిగిలిన గవాహీ, ఒక ముసల్మాన్ పిల్ల దగ్గర ప్లాస్టిక్ కవర్లో ఉన్న నెగటివ్. వేలెడంత వెండి. తను ఏడవలేదు. రేకుల్ని మాత్రం ఫోటో తియ్యలేదు. ఎందుకని అడిగితే, ఎండ సరిగ్గా లేదంది.

రోజ్‌గార్ గురించి అడుగుతారు, అడగాలి. రాళ్ళ ఫోటోలు తీసి ఇల్లు గడవదు. ఆడమ్స్ కూడా చాలా ఏళ్ళు కంపెనీల కోసం ఫోటోలు తీసి సంపాదించుకున్నవాడే. అయితే ఆ డిగ్రీ చేసినవాళ్ళు చేసేది రాళ్ళు ఒక్కటే కాదు. పత్రికలున్నాయి, సినిమా ఉంది, మ్యూజియంలున్నాయి, పాత కాగితాల్నీ కట్టడాల్నీ ఫోటోలుగా భద్రపరిచే పని ఉంది. అదీకాక మన షాదీల్లో వీడియోకీ డ్రోన్‌కీ ఆల్బమ్‌కీ ఎంత పోస్తున్నామో ఏ తండ్రికి ఆ తండ్రి చెప్పగలడు. ఆ డబ్బు తీసుకునేవాడి చేతిలో హునర్ హలాల్, అదే హునర్ మన పిల్ల నేర్చుకుంటానంటే హరామ్. జనానా మహఫిల్‌లోకి మగ ఫోటోగ్రాఫర్ వచ్చి తిరుగుతుంటే మొహం పక్కకు తిప్పుకునే మన ఖాలాలు, ఫుప్పులు, వాళ్ళనడగండి ఆడ ఫోటోగ్రాఫర్ కావాలో వద్దో. నేను అమ్మీని అడిగాను. అమ్మీ అంది, "నా జనాజా దాకా ఆగకుండా నా ఫోటో ఒకటి తియ్యమనరా ముందు. అయితే మొహం కాదు, చేతులు. తస్బీ పట్టుకున్న చేతులు." అది జాన్‌దార్ కిందికి వస్తుందో రాదో నాకు తెలియదు. మౌలానాను అడగాలి.

ఫారం ఇంకా దూల్హాభాయ్ బల్ల మీదే ఉంది. ఆఖరి తారీఖుకి తొమ్మిది రోజులుంది. నిన్న రాత్రి ఆపా ఫోన్ చేసింది. రాయి ఫోటోకి ఫ్రేము కట్టించారట, గోడకింకా కొట్టలేదు, సోఫా వెనకాల నిలబెట్టి ఉందట. వచ్చే శనివారం గుట్టకి దూల్హాభాయ్ కూడా వస్తారట. కారు ఆయనే నడుపుతారట, కెమెరా మాత్రం ముట్టుకోరట. చాయ్ ఫ్లాస్క్ నన్ను తెమ్మన్నారు.